సిలిండర్లో ఏముంది? గొట్టంలో ఏముంది?

(ఐనవిల్లిలో కార్యకర్తల కోసం జరిపిన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ గ్యాసు గురించి మాట్లాడతానండి. ఉద్యమానికీ గ్యాసుకీ ఏం సంబంధం అనుకోకండి. మన కోనసీమలో గ్యాసు పొయ్యిలోనూ ఉంది, మన కాళ్ళ కిందా ఉంది. దాని సంగతి ఇంజనీర్లకి తెలిస్తే చాలదు, దాని పక్కన కాపరం చేసేవాళ్ళకీ తెలియాలి.

తీర్థంలో గోలీసోడా తాగారు కదా. ఆ గోలీని మూతికి బిగించి పట్టుకున్నదెవరు? లోపలున్న గ్యాసే. గ్యాసులో కంటికి కనపడని కణాలు నాలుగు వైపులకీ పరిగెడుతూ సీసా గోడల్ని కొడుతూనే ఉంటాయి. ఆ దెబ్బలన్నీ కలిపితే పీడనం. మనం ప్రెషరు అంటాం. అదే సీసాలో గ్యాసు ఎక్కువ కూరితే దెబ్బలెక్కువ. వేడి తగిలితే పరుగెక్కువ, దెబ్బా గట్టిది. నిండా గాలి కొట్టిన సైకిలు ఎండలో పెడితే ట్యూబు పేలేది అందుకే.

ఇప్పుడు సిలిండరు చూద్దాం. అందులో 14.2 కిలోల గ్యాసుంది. ఊపి చూడండి, నీళ్ళలా కదులుతుంది. ప్రెషరు పెట్టి ద్రవం చేశారు. ఎండకి అది ఉబ్బుతుంది కాబట్టి పైన కొంత ఖాళీ వదులుతారు.

"సిలిండరు సగమైతే ప్రెషరు సగమే కదా?" అని ఒక తమ్ముడడిగాడు. కాదు తమ్ముడూ. లోపల కొంచెం ద్రవం మిగిలున్నా ప్రెషరు దాదాపు అంతే ఉంటుంది. అది వేడిని బట్టి మారుతుంది. సగం అయిపోయింది కదా అని పొయ్యి మంట దగ్గర పడుకోబెట్టకండి.

ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాసవుతుంది. అది గాలికన్నా బరువు, నేలమీద పాకుతుంది. అసలు దానికి వాసన లేదు. మనకి తెలియాలని వాసన కలుపుతారు. వాసనొస్తే అగ్గిపుల్ల గీయకండి, లైటు స్విచ్చి వెయ్యకండి, తియ్యకండి. రెగ్యులేటరు కట్టండి, తలుపులు తెరవండి, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యండి. సిలిండరు పైన పట్టీ మీద ఏ, బి, సి, డి అని ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటుంది. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. అప్పటికల్లా దాన్ని మళ్ళీ పరీక్ష చెయ్యాలని అర్థం. గడువు దాటిన సిలిండరు తెస్తే తీసుకోకండి. చదువు రాని అమ్మలకి చదివి చెప్పడం మన కార్యకర్తల పని.

పైపులైను కూడా మూసిన డబ్బాయే, కాకపోతే పొడుగాటి డబ్బా. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గొట్టం పగిలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళూ కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. తడి లేని గ్యాసు పోవాల్సిన గొట్టంలో తడి గ్యాసు పంపారని విచారణలో తేలింది. తడి ఇనుముని లోపలినుంచి తినేస్తుంది. గోడ ఎక్కడ పల్చబడితే ప్రెషరు అక్కడే దారి చేసుకుంటుంది.

అంతకుముందు 1995 జనవరి 8న పాశర్లపూడి బావి ఎగదన్నింది. 65 రోజులు మండింది. అక్కడ డబ్బా భూమిలోని రాయి. బావి తవ్వేటప్పుడు దానికి మూత బరువైన బురద. రాయలసీమ మంగంపేటలో దొరికే ముగ్గురాయి పొడిని అలాంటి బురదలో కలుపుతారు. బురద బరువు కింది ప్రెషరుకి చాలకపోతే గ్యాసు పైకి తన్నుకొస్తుంది.

గ్యాసుకి కులం తెలీదు. కానీ గొట్టం ఎవరి పేట పక్కనుంచి పోవాలో, ఎవరికి ముందు చెప్పాలో, ఎవరికి చెప్పకపోయినా ఫర్వాలేదో నిర్ణయించేది మనుషులే. కాబట్టి అడుగుదాం. ఈ గొట్టం గోడ మందం ఆఖరిసారి ఎప్పుడు కొలిచారు? ప్రమాదమొస్తే మా పేట నుంచి ఏ దారిన పోవాలి? ఆ కసరత్తు ఊళ్ళోనే చేస్తారా, పేటలోనూ చేస్తారా? ఓఎన్‌జీసీ, గెయిల్ ప్రభుత్వ రంగ సంస్థలు. 2005 సమాచార హక్కు చట్టం కింద రాసి అడగొచ్చు. గ్రామసభలో లేచి అడగొచ్చు. ఒక్కడు అడిగితే కసురుతారు. పేటంతా సంతకాలు పెడితే కాగితం తీసుకుంటారు.

చివరగా ఒక మాట. మన కోపం సిలిండరులా పేలాలని కొందరు ఉపన్యాసాల్లో అంటారు. నేనొద్దంటాను. సిలిండరు పేలితే ముందు కాలేది మన ఇల్లే. అదే గ్యాసు రెగ్యులేటరు గుండా కొలత ప్రకారం వస్తే రోజూ అన్నం ఉడుకుతుంది. కోపం ఉండాలి, దాన్ని సంఘం గుండా రానివ్వాలి.

జై భీమ్.