బస్తాలో బియ్యం, కొండలో రాయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గనుల ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. 2025 ఫిబ్రవరి 22 తర్వాత మన ఊళ్లవాళ్లు ఎవరు కలిసినా నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "దోమలపెంట దగ్గర అంత పెద్ద కొండ కదా, లోపల రాయి ఎట్లా కూలింది?" శ్రీశైలం నీళ్లు మన నల్లగొండ వైపు తేవడానికి తవ్వుతున్న దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. నీరు, బురద, పగిలిన రాయి కలిసి దూసుకొచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. రెండు నెలలు వెతికితే ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ ప్రమాదానికి కారణం తేల్చేవాణ్ని నేను కాదు. కానీ రాయి ఎట్లా నిలుస్తుంది, ఎట్లా కూలుతుంది అన్నది మాత్రం చెప్పగలను. అది మిర్యాలగూడ రైస్‌మిల్లులో మొదలుపెట్టాలి.

బియ్యం నేల మీద పోస్తే జారి కుప్పవుతాయి. అవే బస్తాలో కూరి మూతి కుడితే, బస్తా మీద బస్తా పెట్టి హమాలీలు వాటిమీదే ఎక్కి నడుస్తారు. గింజ అదే. చుట్టూ పట్టుకున్న గోనె వల్ల ఆ బలం వచ్చింది. ఇట్లా అన్ని వైపుల నుంచి నొక్కిపట్టే ఒత్తిడిని మేం కన్‌ఫైనింగ్ ప్రెషర్ అంటాం.

రాయిలో కంటికి కనబడని పగుళ్లు ఉంటాయి. మన బండలు కొట్టేవాళ్లు వరసగా రంధ్రాలు వేసి చీలలు దిగగొట్టేది ఆ పగుళ్లను తెరవడానికే. చుట్టూ ఒత్తిడి ఉంటే పగులు నోరు తెరవలేదు, పక్కకు జారాలన్నా రాపిడి ఎక్కువ. తర్వాత విమాన శాస్త్రంలో పేరుపొందిన వాన్ కార్మన్ 1911లో జర్మనీలో పాలరాతి ముక్కలను చుట్టూ ద్రవంతో నొక్కిపట్టి పైనుంచి అదిమి చూశాడు. మామూలుగా ఫెళ్లున పగిలే రాయి, ఒత్తిడి పెరిగేకొద్దీ ఎక్కువ బరువు మోసింది. చివరికి పగలడం మాని పీపాలాగా ఉబ్బింది!

ఇప్పుడు లెక్క. 400 మీటర్ల కొండ కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీద వంద కిలోలకు పైనే బరువు. సొరంగం తవ్వగానే ఆ బరువు పక్కకు మళ్లి గోడ వెంబడి దాదాపు రెట్టింపవుతుంది. లోపలి వైపు పట్టేమో సున్నా. గట్టి రాయి దాన్ని సులభంగా తట్టుకుంటుంది. నలిగిన రాయి బలం మాత్రం అంతవరకు పక్క రాయి నొక్కిపట్టడంలోనే ఉండింది. మనం ఆ బస్తా కోశాం. పైగా పగుళ్లలో నీరుంటే అది లోపలి నుంచి తోసి, మిగిలిన పట్టును కూడా తగ్గిస్తుంది.

మరి మేం వేసే బోల్టులు, చల్లే కాంక్రీటు కొండను మోస్తాయా? మోయవు. కొంచెం పట్టు తిరిగి ఇస్తాయి, అంతే. ఆ కొంచెం చాలు. నలిగిన రాయికి పట్టు ఒక కిలో పెరిగితే బలం మూడు నాలుగు కిలోలు పెరుగుతుంది. గాలి తీసేసిన ఈ కాఫీపొడి ప్యాకెట్ చూడండి, ఇటుకలా ఉంది. దీన్ని పట్టుకున్నది గాలి బరువే, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. కత్తెరతో మూల కోస్తున్నాను... చూశారా, మెత్తబడింది.

ఇది పుస్తకంలో చదివినవాణ్నే నేను. అయినా ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక గనిలో సాయంత్రం గోడను గడ్డపారతో తట్టి చూశాను. ఖంగుమంది. బోల్టులు పొద్దున వేద్దాంలే అన్నాను. పలక వదులు కావడానికి ఆ రాత్రి సరిపోయింది. తెల్లవారుజామున అది జారి ఒక పెద్దాయన కాలు విరిగింది. ఆసుపత్రికి వెళితే, "ఏం సారూ, టీ తాగినవా?" అని అడిగాడు. తాగలేదని చెప్పలేకపోయాను.

ప్యాకెట్ ముందు వరసలోకి పంపుతున్నాను, పొడి కింద పోయకండి.