వికలాంగుని వాహనము - వాకిటి జరిమానా



సూర్యభగవానుని రథమునకు చక్రమొక్కటియే. దానిని తోలు సారథికి తొడలు లేవు. అనూరుడను పేరే ఆ సంగతి చెప్పుచున్నది. తల్లియగు వినత తొందరపడి గ్రుడ్డును చిదుపగా, సగము దేహముతో పుట్టినవాడాతడు. అట్టివాడే లోకమునకు వెలుగు తెచ్చు రథమును నడుపుచున్నాడని మహాభారతమున ఆదిపర్వకథ. కాళ్లు లేనివాడు బండి తోలగలడా యను సందేహము మన పూర్వులకు కలుగలేదు. నేటి చట్టమునకును కలుగలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, తన దేహమునకు తగినట్లు మార్చిన బండిని చక్కగా నడుపగల వికలాంగునికి లైసెన్సు ఈయవచ్చునని ఒప్పుకొన్నది. బ్రేకును, క్లచ్చిని చేతితో నొక్కునట్లు అమర్చుకొని ప్రతిదినము ఉద్యోగములకు పోవువారు మన నగరములలో కలరు.

బండి నడుపుటలో చిక్కు లేదు, నిలుపుటలో వచ్చినది. అదియును ఎక్కడనో కాదు, తన యింటి వాకిటనే. తాను కాపురముండు భవనములో బండి నిలుపుకొన్నందులకు వికలాంగుడు చెల్లించు జరిమానాలు, వాటిని న్యాయముగా ఎదుర్కొను విధము - ఇది నేటి నా ప్రసంగవిషయము.

నా యొద్ద చదువుకొన్న శిష్యుడొకడు హైదరాబాదున ఒక పెద్ద అపార్టుమెంటు భవనములో నివసించుచున్నాడు. బాల్యమున పోలియో సోకి ఎడమకాలు చచ్చుబడినది. ఊతకఱ్ఱలతో నడచును, కారు తానే నడుపును. అతనికి కేటాయించిన చోటు నేలమాళిగలో, రెండు స్తంభముల నడుమ, లిఫ్టునకు దూరముగా నున్నది. తలుపు పూర్తిగా తెఱచిన గాని అతడు కఱ్ఱలను బయటికి తీసి, కాలిని చేతితో ఎత్తి క్రింద పెట్టుకొని లేవజాలడు. తలుపునకు స్తంభ మడ్డు. కావున నేలయంతస్తున, ర్యాంపు ప్రక్కన, అతిథుల కార్లకై విడిచిన చోట తన కారు నిలుపుచుండెను. మొదట కావలివాడు చెప్పెను. పిమ్మట అద్దముమీద కాగితము అంటించిరి. అటుపై దినమునకు 500 రూపాయల చొప్పున జరిమానా కట్టి, మాసమాసము వసూలుచేయు నిర్వహణ రుసుములో చేర్చి పంపిరి. "నిబంధన అందఱికి నొక్కటే" అని సంఘ కార్యదర్శి ఉత్తరము. "ఊరందఱిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని పొరుగువారొకరు అతడు వినునట్లే అనిరట.

సొమ్ముకంటె అతనిని నొప్పించినది వేఱొకటి. సాయంకాలము ఇల్లు చేరిన వెనుక మరల బయటికి పోవుట అతడు మానివేసెను. కూతురిని సంగీతపాఠమునకు తానే దించివచ్చుట అతనికొక ముచ్చట. ఆ పిల్ల తల్లితో ఆటోలో పోసాగెను. జరిమానా కారునకు విధించితిమని సంఘమువా రనుకొనిరి. నిజమునకు అది అతని రాకపోకలకు పడినది.

ఇచ్చట లెక్క యొకటి చెప్పవలెను. సామాన్యముగా ఒక కారునకు విడుచు చోటు రెండున్నర మీటర్ల వెడల్పు. కారు వెడల్పు దాదాపు ఒకటి మీద మూడు పాతికల మీటరు. నట్టనడుమ నిలిపినచో ఇరుప్రక్కల దాదాపు చెఱియొక జానెడున్నర మాత్రమే మిగులును. రెండు కాళ్లు గలవాడు ఒదిగి జాఱుకొని దిగిపోవును. చక్రముల కుర్చీ దింపుకొనవలసినవా డేమి చేయవలెను? అందుకే కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములు వికలాంగుల కారు నిలుపు చోటు 3.6 మీటర్ల వెడల్పున నుండవలెననియు, భవనద్వారమునకు 30 మీటర్ల లోపల అట్టివి రెండైన నుండవలెననియు చెప్పుచున్నవి. ఆ యెక్కువైన మీటరు విలాసము కాదు. అతడు దేహమును దింపుకొను మెట్టు.

ఇక "నిబంధన అందఱికి నొక్కటే" యను మాటను విచారింతము. పలు సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినవాడను గనుక బడి నుండియే దృష్టాంతము తెచ్చెదను. చూపు మందమైన పిల్లవానిని నల్లబల్ల దగ్గఱ ముందువరుసలో కూర్చుండబెట్టుదుము. తక్కిన పిల్లలెవ్వరును అది పక్షపాతమనరు. పాఠము అందఱికి నొక్కటే. ఆ పాఠము అందుటకు వలసిన చోటు మాత్రమే వేఱు. అక్షరములు కనబడని చివరివరుసలో వానిని కూర్చుండబెట్టి, చదువలేదని దండించినచో అది సమత్వ మగునా?

మన శాసనమును ఈ మాటయే చెప్పుచున్నది. వికలాంగుల హక్కుల చట్టము 2016లో చేయబడి, 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఎదుటివారిపై మోయరాని భారము పడకుండ, వికలాంగుడు ఇతరులతో సమానముగా తన హక్కు ననుభవించుటకు చేయదగిన మార్పును ఆ చట్టము సముచితమైన సర్దుబాటుగా గుర్తించినది. అట్టి సర్దుబాటును నిరాకరించుట వివక్షయే యని దాని నిర్వచనము. అదే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, మనము రెరా యని వాడుకగా పిలుచునది, బయలుగా నుండు వాహనస్థలములను ఉమ్మడి స్థలములలో చేర్చినది. ఉమ్మడిదైన దానిని ఉమ్మడిగా యోచించి సర్దుకొనుట కష్టము కాదు. 2024 నవంబరు 8వ తేదీన సుప్రీముకోర్టు మఱియొక ముఖ్యమైన మాట చెప్పినది. వికలాంగులకు అందుబాటును గూర్చిన ప్రమాణములు ఒట్టి హితవులుగా నుండరాదనియు, తప్పక పాటింపవలసిన నియమములను ప్రభుత్వము చేయవలెననియు దాని సారము.

చట్టమున్నంత మాత్రమున చోటు నడచి రాదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. ఎట్లడుగవలెనో చెప్పెదను.

మొదటిది, నోటిమాటతో సరిపెట్టక వ్రాయుడు. నా శిష్యుడు రెండు మాసములు మెట్లమీద, వాకిట వాదించెను, ఫలము కలుగలేదు. తరువాత కొలబద్ద తెచ్చి తన చోటి వెడల్పు, లిఫ్టునకు గల దూరము, తలుపు తెఱచుటకు కావలసిన జాగా కొలిచి, ఫొటోలతో, సదరం ధ్రువపత్రపు నకలుతో ఉత్తరము వ్రాసెను. కొలత ఎదుట కోపము నిలువదు.

రెండవది, జరిమానాకు ఆధారమైన నియమ మేది, సర్వసభ్యసమావేశమున ఎప్పుడు అంగీకరింపబడినది అని అడిగి, నియమావళి నకలు తీసికొనుడు. ఒకవేళ నిర్బంధముచే చెల్లింపవలసివచ్చినచో, ఆక్షేపణతో చెల్లించితినని వ్రాసి రసీదు దాచుకొనుడు.

మూడవది, అడుగునది స్పష్టముగా అడుగుడు. నా శిష్యుడు అదనపు చోటు కోరలేదు. నేలమాళిగలోని తన చోటును అతిథులకు విడిచి, ర్యాంపు ప్రక్కది తన కిమ్మని మార్పిడి కోరెను. సర్వసభ్యసమావేశమున ఈ మాట చదివినప్పుడు కాదనుటకు కారణ మెవ్వరికిని తోచలేదు. ఆ చోటున అతని ఫ్లాటు సంఖ్య వ్రాయించిరి. వెనుకటి జరిమానాలో సగము మాత్రమే రద్దుచేసిరి. మిగిలిన సగము తిరిగి రాలేదు.

నాలుగవది, సంఘము ఎంతకును విననిచో రాష్ట్రపు వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు చేయవచ్చును. హక్కులకు భంగము కలిగినచో విచారించి, తగిన అధికారులతో ఆ సంగతి ప్రస్తావించు బాధ్యత చట్టము వారికిచ్చినది. ఆ దారి నెమ్మదియైనది. అయినను కాగితములు సిద్ధముగా నున్నవానికి మేలు చేయును.

ఇంటి ఆవరణకును వీధికిని భేదము మఱువరాదు. వీధిలో అధికారము పోలీసువారిది. చక్రముల కుర్చీ బొమ్మను అద్దమునకు అంటించుకొన్నంత మాత్రమున నిషిద్ధస్థలమున బండి నిలుపు హక్కు రాదు. చలానా అన్యాయమని తోచినచో న్యాయస్థానమున చెప్పుకొనవచ్చును. ఇంటి యెదుటి వీధిలో నిలుపక తప్పని స్థితి యున్నచో, జరిమానా పడకమునుపే నగరపాలక సంస్థకును, ట్రాఫికు పోలీసులకును వ్రాసి అడుగుట మేలు.

మన తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన బ్రిటనులో ఈ విషయమున వెనుకనుండియే ఏర్పాటున్నది. 1970 నాటి చట్టము ననుసరించి 1971లో నారింజరంగు బిళ్ల వచ్చినది. 2000లో అది నీలిబిళ్ల యైనది. దానిని గడియారపు అట్టతో కూడ కనబఱచినచో, ఇంగ్లండులోను వేల్సులోను పసుపుగీతలున్న వీధులలో, సరకు దించుటకు నిషేధము లేనిచోట, మూడు గంటలవఱకు కారు నిలుపవచ్చును. అయినను దూరపు కొండలు నునుపు. ఆ బిళ్ల బాటలకే గాని ప్రైవేటు ఆవరణలకు వర్తింపదు. అచ్చటను గృహసముదాయములలో ప్రైవేటు సంస్థలు సొమ్ము కట్టుమని నోటీసులు పంపుచున్నవి. వికలాంగులు అచ్చట 2010 నాటి సమానత్వ చట్టమును చూపి సముచితమైన సర్దుబాటు కోరవలసియున్నది. సామాను దించుటకు ద్వారముకడ కొన్ని నిమిషములు కారు ఆపిన ఒక నివాసి విషయమున, అది బండి నిలుపుట కాదని 2016లో ఆక్స్‌ఫర్డు కౌంటీకోర్టు అప్పీలులో తీర్పు చెప్పినది. దీనినిబట్టి తెలియున దేమనగా, బిళ్ల యున్న దేశమునను వాకిటి తగవు వాకిటనే తీర్చుకొనవలెను.

సంఘముల పెద్దలకు రెండు మాటలు. చుట్టముల ధ్రువపత్రము చూపి చోటు కాజేయువారు కలరని మీ రనుట అసత్యము కాదు. ఆ చోటు మనిషిది గాని కారుది కాదని నియమములో వ్రాసికొనుడు. ఆ మనిషి దిగనప్పుడు అది చెల్లదు. వికలాంగుడును ర్యాంపునకు, అగ్నిమాపక శకటము వచ్చు దారికి అడ్డముగా నిలుపరాదు. ఈ రెండును ఒప్పుకొన్న పిమ్మట మిగిలినది ఒక డబ్బా రంగు, ఒక సాయంకాలపు సమావేశము. నేడు మీ భవనమున వికలాంగు డెవ్వడును లేకపోవచ్చును. కాని వృద్ధాప్యము అందఱి యింటికిని వచ్చు చుట్టము. మోకాళ్లు పట్టువిడిచిన నాడు ఆ చోటు ఎవరికి కావలసివచ్చునో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు జరిమానా కాగితము చేత పట్టుకొని వినుచున్న వారెవరైన నున్నచో, రేపటి యుదయమున చేయవలసిన పని ఒక్కటి: కొలబద్ద తీసికొని క్రిందికి దిగుడు. కొలిచినది తేదీతో వ్రాసి సంఘమున కిచ్చి, అందినట్లు సంతకము తీసికొనుడు.