తల్లి వైపు పేర్లు
(శతాబ్ది ఉత్సవములలో, కుటుంబ చరిత్ర అను అంశముపై చేసిన ప్రసంగము)



మన సంఘములను కట్టిన మిషనరీ దొరలను గూర్చియు, తొలి గురువులను గూర్చియు ఈ మూడు దినములు చాల విన్నాము. నేను ఒక స్త్రీని గూర్చి చెప్పెదను. ఆమె మన సంఘస్థురాలు కాదు గాని, పుట్టినది మన హైదరాబాదులోనే.

కోఠిలో మహిళా కళాశాల నడిచిన పాత రెసిడెన్సీ భవనమును మీలో అనేకులు చూచియున్నారు. 1798 నుండి 1805 వరకు నిజాము దర్బారులో బ్రిటిషు రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దానిని కట్టించెను. ఆయన ఖైరున్నీసా అను సయ్యదుల ఇంటి కన్యను ముస్లిముల ఆచారము చొప్పున పెండ్లాడెను. వారికి ఇద్దరు బిడ్డలు. మొదటివాడు సాహెబ్ ఆలం. 1802 ఏప్రిల్ 9న పుట్టిన ఆడబిడ్డ సాహెబ్ బేగం.

1805లో ఈ పసివారిని ఇంగ్లండుకు పంపిరి. ఆడబిడ్డకు అప్పటికి మూడేండ్లే. ఓడ ఎక్కకమునుపు చెన్నపట్టణములో జార్జి చిన్నరీ అను చిత్రకారుడు వారిద్దరి బొమ్మను వ్రాసెను. అదే సంవత్సరము అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి బిడ్డలను మరల చూడలేదు. 1813లో, ముప్పది ఏండ్లయినను నిండకమునుపే, ఆమెయు గతించెను.

1806 మార్చి 25న లండనులోని సెయింట్ మేరీ దేవాలయమున ఆ బిడ్డలకు బాప్తిస్మమిచ్చిరి. సాహెబ్ ఆలం విలియం జార్జి ఆయెను. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా ఆయెను. ఇంటివారికి ఆమె కిట్టీ. నేనును బాప్తిస్మమిచ్చు గురువునే, ఆ సంస్కారమును తక్కువచేసి మాటలాడను. అయినను క్రొత్త పేరు పెట్టుటకు పాత పేరును తుడిచివేయ నక్కరలేదు గదా! ఆ దినము తల్లి పెట్టిన పేరు మరుగుపడెను.

కిట్టీ పెరిగి పెద్దదాయెను. ఆమె బంధువుల పిల్లలకు చదువు చెప్పిన థామస్ కార్లైల్ తరువాత గొప్ప రచయిత ఆయెను; ఆయన గ్రంథములోని బ్లూమిన్ అను పాత్రకు కిట్టీయే మూలమని పలువురి అభిప్రాయము. 1829లో ఆమె ఫిలిప్స్ అను సైనికాధికారిని వివాహమాడెను. అన్న అంతకు ముందే చనిపోయెను. తల్లి వైపు వారెవరైనను బ్రతికియున్నారో లేదో ఆమె ఎరుగదు.

1841 ప్రాంతమున, ఒకప్పుడు హైదరాబాదులో పనిచేసిన హెన్రీ రస్సెల్ ఇంటికి కిట్టీ వెళ్లగా, గోడమీద ఆ చెన్నపట్టణపు బొమ్మ కనబడెను. తన బాల్యమే ఎదుట నిలువగా ఆమె కన్నీరు విడిచెను. ఆ కాలముననే, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకను సజీవురాలేయని ఆమెకు తెలిసెను. మనుమరాలికి పారసీ రాదు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. రెసిడెన్సీలోని అధికారుల సహాయముతో ఉత్తరములు నడిచెను. 1847లో అమ్మమ్మ మరణించువరకు అవి ఆగలేదు. ఒకరి ముఖమొకరు మాత్రము చూడలేదు. కిట్టీ 1889లో టార్కీ అను ఊరిలో కన్నుమూసెను.

ఇదంతయు మనకెట్లు తెలిసినది? ఎవరో కాగితములు పారవేయకుండ దాచిరి. కిర్క్‌పాట్రిక్ ఉత్తరములు లండనులోను, రస్సెల్ ఉత్తరములు ఆక్స్‌ఫర్డులోను ఉన్నవి. తల్లి వైపు బంధువైన షుస్తరీ అనునతడు పారసీలో గ్రంథము వ్రాసియుండెను. వీటినన్నిటిని వెదకి విలియం డాల్‌రింపుల్ 2002లో పుస్తకము ప్రకటించెను. తండ్రి వైపు వంశమునకు ఇంటిపేరే త్రోవ చూపును. తల్లి వైపు త్రోవకు వేరొక భాషలోనికి, వేరొక ఇంటిలోనికి పోవలసివచ్చెను.

మత్తయి సువార్త మొదటి అధ్యాయము చదువుడి. తామారు, రాహాబు, రూతు పేర్లు అక్కడ ఉన్నవి. నాలుగవ ఆమె పేరు లేదు. ఊరియా భార్య అని మాత్రమే ఉన్నది. ఆమె బత్షెబయని మనకు తెలియుటకు వేరొకరు సమూయేలు గ్రంథములో వ్రాసియుంచుటయే కారణము.

మా నాయనమ్మ బాప్తిస్మపు పేరు మాకు తెలియును. పుట్టింటివారు పెట్టిన పేరు తెలియదు. నేను అడుగవలసిన కాలములో అడుగలేదు. వేదాంత కళాశాలలో హెబ్రీయుల వంశావళులు కంఠస్థము చేసి పరీక్షలు వ్రాసితిని. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ప్రక్కన కూర్చున్న ముసలిదానిని ఒక్క మాట అడుగలేదు. ఇప్పుడు అడుగుటకు ఆమె లేదు.

కాబట్టి నా మనవి. ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి ఇంటను ఒక నోటుపుస్తకము పెట్టుడి. అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు, పుట్టినఊరు, బాప్తిస్మమునకు ముందటి పేరు వ్రాయుడి. పాత ఫోటోల వెనుక పేర్లు వ్రాయుడి. గురువులారా, రిజిష్టరులో తల్లి పేరు వ్రాయునప్పుడు ఆమె పుట్టింటి పేరును కూడ అడిగి వ్రాయుడి. ఈ పూట ఇంటికి పోయి, ముసలివారు నిద్రపోకమునుపే అడుగుడి.

ప్రతివానిని పేరు పెట్టి పిలుచు దేవుడు మన ఇండ్లను ఆశీర్వదించును గాక.