బొమ్మ కెమెరా – గొప్ప కెమెరా

చేతిలోని పనిముట్టు చిన్నదైతే చేసే పని కూడా చిన్నదేనా? ఈ పూట ఫిల్ము కెమెరాలను చూస్తూ ఈ సంగతి ఆలోచిద్దాం.

1900లో అమెరికాలో కోడాక్ కంపెనీ బ్రౌనీ అనే కెమెరాను అమ్మకానికి పెట్టింది. వెల ఒక్క డాలరు. పిల్లలు కూడా వాడగలిగిన అట్టపెట్టె అది. 1916లో యోసెమిటీ లోయకు వెళ్లిన 14 ఏళ్ల అబ్బాయికి ఇంట్లోవారు ఇచ్చిన మొదటి కెమెరా బ్రౌనీయే. ఆ అబ్బాయే తర్వాత లోకప్రసిద్ధుడైన ఆన్సెల్ ఆడమ్స్.

1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయాన్ని తీసేనాటికి ఆయన వద్ద ఎంతో పెద్ద కెమెరా ఉంది. అయితే పొద్దు వాలిపోతోంది, వెలుగును కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని కాంతి ఎంతో ఆయనకు ముందే తెలుసు. మనసులోనే లెక్క కట్టి తీశారు. గమనించండి, ఆ గడియలో అక్కరకు వచ్చింది కెమెరా వెల కాదు, ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య.

ఇక హోల్గా సంగతి. 1982లో హాంగ్‌కాంగ్‌లో పుట్టిన చవక కెమెరా అది. ప్లాస్టిక్ ఒళ్లు, ప్లాస్టిక్ లెన్సు. దూరం సరిచూసుకోవడానికి ఒక మనిషి, చిన్న కుటుంబం, గుంపు, కొండ అనే నాలుగు బొమ్మలు. సందుల్లోంచి వెలుతురు దూరుతుందని చాలామంది నల్ల టేపు అంటించి వాడేవారు. 2000లో అల్ గోర్ ఎన్నికల ప్రచారంలో డేవిడ్ బర్నెట్ ఈ బొమ్మ కెమెరాతో తీసిన ఫోటో, 2001లో శ్వేతసౌధ వార్తా ఛాయాగ్రాహకుల సంఘం పోటీలో బహుమానం పొందింది.

అయితే ఇకమీదట బొమ్మ కెమెరాయే చాలు అనుకోకండి. బర్నెట్ వియత్నాం యుద్ధాన్ని ఫోటోలు తీసిన అనుభవశాలి. ఆ చేతిలో గనుక అది పలికింది. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుని మీదికి తీసుకుపోయింది ఖరీదైన హాసెల్‌బ్లాడ్‌ను. ఫోటో చెడితే మళ్లీ వెళ్లి తీసే వీలు లేని చోటు అది. ఆశ్చర్యమేమంటే, తిరిగి వచ్చేటప్పుడు బరువు తగ్గించుకోవడానికి చంద్రుని నేలమీద వాడిన ఆ కెమెరాను అక్కడే విడిచిపెట్టారు. ఫిల్మును మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు.

ప్రియులారా, మనం దాచుకోవలసింది ఏదో, విడిచిపెట్టదగింది ఏదో ఇక్కడ కనబడుతుంది. నీ చేతిలోనిది చిన్నదని సిగ్గుపడకు. చిన్నదే కదా అని పనిని అశ్రద్ధ చేయకు. జీతం పెరిగాక సాయం చేస్తాను, మంచి గది దొరికాక పిల్లలకు చదువు చెబుతాను అని ఎన్నాళ్లు వాయిదా వేస్తావు? బీద విధవరాలు పెద్ద కానుక సమకూరేదాకా ఆగలేదు, ఉన్న రెండు కాసులే తెచ్చింది. ఫిల్ములో ఒకసారి పడిన వెలుగు చెరిగిపోదు, దాటిపోయిన గడియ తిరిగి రాదు. ఉన్నదానితోనే, నేర్చుకున్నదంతా పెట్టి, ఈరోజే మొదలుపెట్టండి.