నాలుగున్నర గంటల హక్కు



జీతభత్యాల గురించి, పెన్షన్ గురించి ఈ వేదికపై అనేకసార్లు మాట్లాడుకున్నాము. ఈనాడు గంటలను గురించి మాట్లాడదలచాము. పని గంటలు కావు. పక్షవాతం సోకిన కార్మికునికి మిగిలే గంటలు.

పక్షవాతం అత్యధికంగా మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ప్రయోజనం 1995లోనే అమెరికాలో రుజువైంది. నాటి మూడు గంటల గడువును 2008లో ఐరోపా పరిశోధన నాలుగున్నర గంటలకు పొడిగించింది. అయితే ముందుగా సి.టి. స్కాన్ తప్పనిసరి, నాళం చిట్లి రక్తస్రావమైన రోగికి అదే మందు ప్రాణాంతకం. స్కాన్ లేని ఆసుపత్రికి చేర్చడమంటే ఆ గడువును దారిలోనే పోగొట్టుకోవడం.

గడియారం అందరికీ ఒక్కటే, దూరం ఒక్కటి కాదు. సికింద్రాబాదు ఉద్యోగికి పెద్దాసుపత్రి దగ్గర. నల్లమల అడవి మార్గంలో పనిచేసే ట్రాక్‌మన్‌కు? హెల్త్ యూనిట్‌లో రక్తపోటు చూస్తారు, బిళ్ళలిస్తారు, అంతే. తపాలా శాఖలో అన్యాయం మరింత నగ్నమైనది. నగరాలలోని ఉద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. ఉన్నది, గ్రామీణ డాక్ సేవకులకు ఆ పథకమే వర్తించదు.

డబ్బు లేదు, నిపుణులు లేరు అన్నది యాజమాన్యాల పాత పాట. నరాల వైద్య నిపుణులు బహు కొద్దిమందే ఉన్న హిమాచల్ ప్రదేశ్ 2014లో ఏమి చేసింది? జిల్లా ఆసుపత్రిలో స్కాన్ తీయించి, ఆ చిత్రాలను ఫోనులో నిపుణునికి పంపి, ఆయన సలహాపై స్థానిక వైద్యుని చేతనే మందును ఉచితంగా ఇప్పించే ఏర్పాటు చేసింది. కొండల రాష్ట్రానికి సాధ్యమైనది, స్టేషన్ స్టేషన్‌కూ సొంత టెలిఫోను గల రైల్వేకు అసాధ్యమా? బండి పది నిమిషాలు ఆలస్యమైతే సంజాయిషీ కోరే యంత్రాంగమిది!

ప్రతి డివిజనల్ ఆసుపత్రికీ రాత్రింబవళ్ళు స్కాన్, నిపుణునితో ఫోను సంబంధం ఉండాలి. డాక్ సేవకులకు వైద్య రక్షణ కావాలి. ఈ కోర్కెలను ప్రతి బ్రాంచీ తీర్మానించి పంపవలసిందిగా కోరుతున్నాము.

అంతవరకూ చేయవలసిన పని ఒకటున్నది. తోటివాని మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా 108కి ఫోను చేయండి. నోటిలో నీళ్ళు పోయకండి. అతడు చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో, ట్రైన్ రిజిస్టరులో రాసినట్లు నిమిషంతో సహా చీటీపై రాసి రోగి వెంట పంపండి. వైద్యుడు మొట్టమొదట అడిగేది ఆ సమయమే.