కవరుమీది వ్రాత

మనము వేసిన ఉత్తరము తిరిగివచ్చినపుడు కవరును త్రిప్పి చూతుము. విలాసము సరికాదని పోస్టుమాను వ్రాసెనా, విలాసదారుడు ఊరు మారెనని వ్రాసెనా అనుదానినిబట్టి మన తరువాతి పని తేలును. బ్రౌజరులో పుట తెరచుకొననపుడును చదువదగిన వ్రాత యిట్టిది యొకటి కలదు. సర్వరు పంపు ప్రతి జవాబునకును ముందు ఒక మూడంకెల సంఖ్యయు, కొన్ని పంక్తులును వచ్చును. ఆ పంక్తులనే హెడర్లందురు.

ఒక వేసవిలో మా యమ్మాయి కళాశాల దరఖాస్తునకు చివరి దినము. పుట ఎంతకును తెరచుకొనలేదు. ఆమె కన్నీరు పెట్టుకొనెను. మేము తీగను తప్పుపట్టి, మోడెమును మూడుమారులు ఆపి మరల పెట్టితిమి. ఫలము లేకపోయెను. కడకు కంప్యూటరుపై ఎఫ్12 మీటను నొక్కి, నెట్‌వర్క్ అను భాగమును చూచితిమి. 302 అను సంఖ్య వరుసగా కనిపించెను. 'మరియొక చోటికి పొమ్ము' అని దాని భావము. పోవలసిన చోటును తెలుపు లొకేషన్ పంక్తి మాత్రము మరల ఆ విలాసమునే చూపుచుండెను. బ్రౌజరు గానుగెద్దువలె తిరుగుచున్నదన్నమాట! తీగ నిర్దోషి. బ్రౌజరు దాచుకొన్న పాత కుకీపై అనుమానము కలిగి, ఆ సైటు కుకీలను మాత్రము తుడిచివేసితిమి. పుట తెరచుకొనెను, దరఖాస్తు గడువులోపల చేరెను.

శ్రోతలు గుర్తుంచుకొనదగిన క్రమ మిది. జవాబే రానిచో లోపము తీగలోనో, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చు డి.ఎన్.ఎస్.లోనో, ఆగిపోయిన సర్వరులోనో వెదుకవలయును. సంఖ్య వచ్చినచో దాని మొదటి అంకెను చూడవలయును. 3 దారి మళ్ళింపు; 4 మన విన్నపములోని లోపము; 5 సర్వరు పక్షమున లోపము. 502, 504 అనునవి మధ్యనున్న సర్వరునకు వెనుకటి సర్వరునుండి సరియైన జవాబు అందలేదని తెలుపును. 503 తోడ రిట్రై-ఆఫ్టర్ అను పంక్తి యున్నచో ఎంతసేపు ఆగవలయునో అందే యుండును. అపుడు మోడెమును ఆపిపెట్టుట వృథా శ్రమ.

ఒక హెచ్చరిక. సహాయమునకై ఈ పంక్తులను ఇతరులకు పంపునపుడు కుకీ, సెట్-కుకీ, ఆథరైజేషన్ అను పంక్తులను తప్పక తొలగింపవలయును. అవి మన ఖాతాకు తాళపుచెవులు.

తీగను నిందించుటకు ముందు కవరును చదువుడు.