గేటుదాకా నేనొక్కణ్ణే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ముందు వరసలో కూర్చున్న మా లెక్కల మాస్టారికి నమస్కారం. మాస్టారు వచ్చారని నాకెవరూ చెప్పలేదు. ఇందాక దగ్గారు. ముప్పై అయిదేళ్లు గడిచినా ఆ దగ్గు మారలేదు.

జ్ఞాపకాలు చెప్పమని పిలిచారు. నాకంటే బాగా చెప్పేవాళ్లు చెప్పేశారు కాబట్టి నేను ఒక్క సంగతే మాట్లాడతాను. ఈ ఏడు మన బడిలో ఆరో తరగతిలో చూపులేని పాప ఒకతి చేరింది. ఆ పాపకి సంఘం తరఫున ఏం చేద్దామని కమిటీ మిత్రులు ఫోన్ చేశారు. నెలకింత అని జీతమిచ్చి ఒక ఆయాని పెడదాం, రోజంతా చెయ్యి పట్టుకుని తిప్పుతుంది అన్నారు. మంచి మనసుతో అన్న మాట. అయినా నేను వద్దన్నాను. ఎందుకు వద్దో సభలోనే చెప్పండి అన్నారు, అందుకే ఈ మైకు నా చేతిలో ఉంది.

తొమ్మిదో ఏట జబ్బు చేసి నాకు చూపు పోయింది. 1986లో ఈ బడిలో ఆరో తరగతిలో చేరాను, 1991లో పది పాసయ్యాను. ఆ అయిదేళ్లలో ఈ ఆవరణలో నేను ఒంటరిగా నడిచిన దూరం ఇరవై అడుగులు ఉంటుందేమో. మీరు నడవనివ్వలేదు! ప్రేమతోనే. గేటు దగ్గర దిగగానే ఒకడు సంచీ అందుకునేవాడు, ఒకడు చెయ్యి పట్టుకునేవాడు. వంతులు వేసుకున్నారని తర్వాత తెలిసింది. ఆటల పీరియడ్లో నన్ను వేపచెట్టు కింద కూర్చోబెట్టి అందరి సంచులూ నా దగ్గర పెట్టేవారు. ఒక్క సంచీ పోలేదు, ఆ పేరు మాత్రం నాకుంది.

ఒక మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా. మూత్రానికి వెళ్లాలన్నా పక్కవాణ్ణి లేపాలి. వాడు లెక్క చేసుకుంటుంటే ఎలా లేపుతాను? రోజుకి ఎన్నిసార్లు లేపుతాను? అందుకని పొద్దున్న నీళ్లు తాగడం మానేశాను. అయిదేళ్లు అలాగే గడిచాయి. మా బెంచీవాళ్లు ఇక్కడే ఉన్నారు, బాధపడకండి. అడిగితే వచ్చేవాళ్లే. అడగాల్సి రావడమే నా బాధ.

మాస్టార్లను తప్పుపట్టడం లేదు. పాఠాలు చదివి వినిపించారు, పరీక్ష రాసిపెట్టడానికి కింది తరగతి పిల్లాణ్ణి వెతికి తెచ్చారు. నడక కూడా నేర్పాల్సిన చదువే అని అప్పుడు ఇక్కడ ఎవరికీ తెలియదు. మా ఇంట్లోనూ తెలియదు.

నాకు తెలిసింది హైదరాబాదు హాస్టల్లో. చేరిన రెండో రోజు, చూపులేని సీనియర్ ఒకాయన, "వీధి చివర కొట్టుంది, రెండు టీలు పట్రా" అన్నాడు. నాతో ఎవరొస్తారన్నాను. నవ్వి, నాలుగు మడతల అల్యూమినియం కర్ర ఒకటి చేతిలో పెట్టాడు. లోపల సాగే తాడు ఉంటుంది, వదిలితే టకటకా అతుక్కుంటుంది. ఆ రోజు టీ రాలేదు. వారంలో రెండుసార్లు కాలవలో పడ్డాను. మూడు నెలలకి రెండు గ్లాసులూ ఒలక్కుండా తెచ్చాను. జీవితంలో నాకొచ్చిన సర్టిఫికెట్లలో అదొకటి అనుకుంటాను.

ఆ కర్ర సంగతి కాస్త చెప్పాలి. ఊతకర్ర వేరు, ఇది వేరు. ఊతకర్ర మీద బరువు వేస్తాం, దీని మీద వెయ్యం. దీనితో నేలని తడుముతాం, వింటాం. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఆయన, ప్రమాదంలో చూపు పోయాక, బళ్లవాళ్లకి కనపడాలని తన కర్రకి తెల్లరంగు వేసుకున్నాడట. అంటే తెలుపు మీకోసం. పొడవు మాకోసం. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకి అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రతో నడక నేర్పాడు. ఇప్పుడు మేము నేర్పేదీ దాదాపు అదే. కర్ర నిలబెడితే ఛాతీ ఎముక దాకా రావాలి. చెయ్యి బొడ్డుకి ఎదురుగా ఉండాలి. భుజాల కంటే కొంచెం వెడల్పుగా కొసని అటూ ఇటూ ఆనించాలి. కుడికాలు ముందుకి పడుతున్నప్పుడు కొస ఎడమవైపు తగలాలి. తర్వాత ఎడమకాలు పడబోయే చోటు అదే కదా! వినడానికి తేలికే, కాళ్లకి ఎక్కడానికి నెలలు పడుతుంది. సిమెంటుకి ఒక చప్పుడు, మట్టికి ఒకటి, కాలవ మీది బండకి డొల్ల చప్పుడు. చెప్పుల జతలున్న గుమ్మం కూడా కర్రకి తెలుస్తుంది.

ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకి ఇదే నేర్పుతున్నాను. ఒక ఊళ్లో తొమ్మిదేళ్ల బాబుకి ఏదో శిబిరంలో పెద్దవాళ్ల కొలత కర్ర ఇచ్చారు. బాబుకంటే అదే పొడవు. నేను వెళ్లేసరికి వాళ్ల నాయనమ్మ దాన్ని దండేనికి ఊతంగా పెట్టింది. ఆవిడ చేసిందే సబబు, అది అందుకే పనికొస్తుంది. పిల్లలు ఎదుగుతారు, కర్ర కూడా మారుతుండాలి. చెప్పుల కొలత చూసినట్టే చూడాలి.

కమిటీలో ఒక తమ్ముడు స్మార్ట్ కేన్ కొందామన్నాడు. ఢిల్లీ ఐఐటీ వాళ్లు తయారు చేశారు, 2014లో బయటికొచ్చింది. మామూలు కర్ర పిడికి బిగిస్తారు. మనకి వినపడని ధ్వని తరంగాలు పంపి, మూడు మీటర్ల లోపు ఎదురున్న వస్తువుని పిడి అదురుతో చెబుతుంది. మంచి పరికరం, నా దగ్గరా ఉంది. మామూలు కర్ర నడుముకి పైన ఉన్నవాటిని పట్టుకోలేదు, ఇది పడుతుంది. కానీ ముందు మామూలు కర్ర చేతికి రావాలి. పాపకి రెండేళ్ల తర్వాత కొందాం.

ఈలోగా నడుముకి పైన ఉన్నవాటి సంగతి మనం చూసుకోవచ్చు. వరండాలోకి తెరుచుకునే కిటికీ రెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి, పొద్దున్న తడిమి చూశాను. వాటి గుర్తు నా నుదుటి మీద ఉంది. ప్రతి రెక్కకీ గోడకి తగిలించే ఒక కొక్కెం కావాలి. గేటు నుంచి ఆరో తరగతి గది దాకా గీతల పలకలు, మెట్ల ముందు బొడిపెల పలకలు వేయిద్దాం. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో పసుపుపచ్చగా చూసే ఉంటారు. జపాన్‌లో మియాకే అనే ఆయన ఆలోచన అది. 1967లో ఒకాయామాలో అంధుల బడి దగ్గరే మొదట వేశారు. వేశాక దాని మీద సైకిళ్లు పెట్టకూడదు, ఆ పూచీ హెడ్మాస్టరుగారిది.

పిల్లలకి కూడా ఒకటి చెప్పండి. పాప చెయ్యి పట్టుకుని లాక్కెళ్లొద్దు, వెనకనుంచి నెట్టొద్దు. పాప అడిగితే మీ మోచెయ్యి ఇవ్వండి. తను పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తుంది, మీ ఒంటి కదలికని బట్టి మెట్టు వచ్చిందని తెలుసుకుంటుంది. గదిలోంచి వెళ్లిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. నేను ఖాళీ బెంచీలతో ఎన్ని కబుర్లు చెప్పానో!

ఆయాకి అనుకున్న డబ్బుతో, వారానికి రెండురోజులు నడక నేర్పే శిక్షకుణ్ణి రప్పిద్దాం. భవిత కేంద్రంలోని ఐఈఆర్‌టీ టీచరుగారితోనూ మాట్లాడాను, బ్రెయిలీ ఆవిడ చూస్తానన్నారు. సాధారణ బడిలో చదువూ, దానికి కావలసిన సాయమూ 2016 చట్టం ఇచ్చిన హక్కులు. మనం దయతో చేస్తున్నామని పాప ముందు మాత్రం అనకండి.

పాప వాళ్లమ్మతోనూ మాట్లాడాను. "పడితే ఎవరు చూస్తారు సార్? ఆడపిల్ల కదా" అంది. దానికి నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. మోకాళ్లు దోక్కుంటాయని చెప్పాను, అబద్ధం చెప్పలేదు. మొదటి నెల రోజులు మీరూ వచ్చి దూరంగా నిలబడండి, పిలవకండి అన్నాను. ఇంకా సరేననలేదు. మా అమ్మ అయితే నేను ఉద్యోగంలో చేరాక కూడా సరేననలేదు.

ఈ పొద్దున్న గేటు దగ్గర ఆటో దిగి, ఎవర్నీ రావద్దని చెప్పి వేదిక దాకా నడిచాను. కొత్తగా కట్టిన సైకిల్ షెడ్డు దగ్గర దారి తప్పాను. వేపచెట్టు లేదు, మొదలు మాత్రం కర్రకి తగిలింది. నూట అరవై అడుగులు. చదువుకునే రోజుల్లో నడవాల్సినవి.

సోమవారం వచ్చి పాప కొలత తీసుకుంటాను. కర్ర ఖర్చు నాది. కిటికీలు ఇరవై రెండున్నాయి, రెక్కలు నలభై నాలుగు. ఆ కొక్కేలు ఎవరు కొంటారు? చేతులెత్తితే నాకు కనపడదు, నోటితో చెప్పండి.